సెల్లు లేని 407

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మా ఆయన పోయిన గదిలోనే, ఆ మంచం మీదే ఇన్నేళ్లుగా ఒక్కదాన్నే పడుకుంటున్నాను. ఏనాడూ చిన్న చప్పుడు కూడా వినలేదు. అట్లాంటి నాకు ఈ సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. భయపడినందుకు కాదు. ఎందుకో వింటే మీకే తెలుస్తుంది. నాకు అంకెలు వచ్చు గానీ రాయరాదు. నేను చెప్తుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది.

మేడ్చల్‌లో ఒక చిన్న కంపెనీలో పని చేసేదాన్ని. అక్కడ తాళంచెవులకు తగిలించుకునే బిళ్లలు చేస్తారు. తాళాలు ఎక్కడో పెట్టి మరిచిపోతే ఫోన్‌లో చూసి వెతుక్కోవచ్చు. బిళ్ల లోపల ఒక బ్లూటూత్ చిప్పు, గుండీ అంత బ్యాటరీ సెల్లు ఉంటాయి.

ప్రతి బిళ్లనూ ఫోన్‌కు కలిపి చూడడం మా పని. నంబరు వస్తుంది, నొక్కితే కలుస్తుంది, పచ్చ గుర్తు పడుతుంది. కలవకపోతే ఫోన్‌లో పాత జత చెరిపేయాలి. సెల్లు తీసి, పది లెక్కపెట్టి మళ్లీ వేయాలి. ఇనుప బల్ల మీద నుంచి తీసి అట్ట మీద పెట్టి చూడాలి. అప్పటికీ కలవకపోతే ఎర్ర డబ్బాలో పడేయాలి.

తప్పు ఫోన్‌దా, బిళ్లదా అని తేల్చుకోవడానికి ఒక్కొక్కరి దగ్గర ఒక మంచి బిళ్ల ఉంచుతారు. నాకిచ్చినదాని నంబరు 407.

నా పక్కన కూర్చునే మణెమ్మ శామీర్‌పేట నుంచి బస్సులో వచ్చేది. నిండిన ట్రే మీద, చూసినవాళ్లు చీటీ పెట్టి పేరు రాయాలి. నాకు రాయరాదు కాబట్టి నా ట్రేల మీద కూడా మణెమ్మే తన పేరు రాసేది.

"ఎవలిదైతేంది అక్కా, రెండూ ఒక్క బల్లవే గదా" అనేది.

ఒకసారి వచ్చిన సరుకు మస్తు సతాయించింది. ఐదింటిలో రెండు కలవలేదు. ట్రేలు తక్కువ పడితే రేపటి నుంచి రావద్దంటారు. ఫోన్ పచ్చ గుర్తులు లెక్కపెడుతుందే గానీ, ఏ బిళ్లదో చూడదు. అందుకని కలవని బిళ్ల వచ్చినప్పుడల్లా దాని బదులు 407ను కలిపాను. గుర్తు పడగానే ఆ చెడ్డ బిళ్లను మంచి ట్రేలో వేశాను. రెండు ట్రేలు అట్లానే నింపాను.

మణెమ్మ చీటీలు రాస్తూ నవ్వింది. "ఏందక్కా, గీ దినం నీ చేతికి మంత్రం గిట్ల దొరికిందా?"

కొన్నాళ్లకు ఆ సరుకు కొన్నవాళ్ల నుంచి తిరిగొచ్చింది. సూపర్‌వైజరు సారు చీటీల మీద పేరు చూసి, మణెమ్మను అందరి ముందూ నిలబెట్టి ఇక రావద్దన్నాడు. వాటిలో నా ట్రేలూ ఉన్నాయని నేను చెప్తానేమోనని ఆమె నా వైపు చూసింది. నేను తల వంచుకుని సెల్లు బిగించుకుంటూ కూర్చున్నాను.

ఆ సాయంత్రమే 407లో సెల్లు తీసేసి, బిళ్లను నా టిఫిన్ డబ్బాలో వేసుకున్నాను. ఇంక దాని ముఖం చూడొద్దనుకున్నాను.

మర్నాడు పొద్దున బల్ల మీద ఇంకా ఒక్క బిళ్ల కూడా పెట్టలేదు. ఫోన్‌లో 407 వచ్చింది. నొక్కితే కలిసింది.

డబ్బాలోంచి బిళ్ల తీసి చూశాను. సెల్లు లేదు. పాత జత చెరిపాను, ఫోన్ ఆపి మళ్లీ వేశాను. మళ్లీ వచ్చింది. ఇంకో ఫోన్‌లో చూస్తే అందులోనూ వచ్చింది.

బిళ్ల దగ్గరైన కొద్దీ ఫోన్‌లో అంకె తగ్గుతుంది. 407 నా చేతిలోనే ఉంది, ఫోన్‌లో మాత్రం ఎనభై పడింది. ఫోన్ పట్టుకుని నడిచాను. అటు చివర మేకుకు మణెమ్మ పని కోటు ఇంకా వేలాడుతోంది. అక్కడికి పోయేసరికి ముప్పై అయింది. జేబులో చెయ్యి పెట్టాను. నా చీటీలు రాసిన పెన్ను తప్ప ఏమీ లేదు.

సారును పిలిచాను. కోటు దులిపాడు, పెన్ను కూడా విప్పి చూశాడు.

"ఇంకో బిళ్లకు గిదే నంబర్ పడి ఉంటదమ్మా" అన్నాడు.

ఎందుకైనా మంచిదని కోటు పట్టుకుని గేటు దాకా పోయొచ్చాడు. ఆయన పోతుంటే నా ఫోన్‌లో అంకె పెరిగింది, వస్తుంటే తగ్గింది. ఆ మాట మళ్లీ అనలేదు.

మూడు రోజులు అట్లానే జరిగింది. నాలుగో రోజు తట్టుకోలేక, ఆ ట్రేలు నావని సారుతో చెప్పేశాను. నా పని పోయింది. మణెమ్మను మళ్లీ రమ్మని కబురు పెట్టారు.

ఆదివారం శామీర్‌పేట పోయి, ఆమె గడప మీద కూర్చుని మొత్తం చెప్పాను. సెల్లు లేని బిళ్ల సంగతి కూడా. చిక్కుడుకాయలు తుంచుతూ వింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"అక్కా, గది ఫోన్ల కనవడకపోతే నువ్వు చెప్తుంటివా?" అని అడిగింది.

సెల్లు లేకుండా ఆ బిళ్ల ఎట్లా పలికిందో నాకు ఇప్పటికీ తెలియదు. సారుకూ తెలియదు. మణెమ్మ అడిగినదానికి జవాబు మాత్రం నాకు తెలుసు.