యుద్ధ విమానాల పంచాయితీకి సూరత్ వెళ్తే

సూరత్ వెళ్తున్నానంటే మా కాలేజీలో అందరూ చీరలు తెమ్మన్నారు. వెళ్తున్నది యుద్ధ విమానాల గురించి వాదించుకోవడానికని చెబితే ఒక్కరూ నమ్మలేదు. నేను వరంగల్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. విమానాలంటే ఇష్టమున్న తెలుగువాళ్లం కొందరం ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. అందులో ఇద్దరు సూరత్‌లోనే ఉంటారు. ఒకరు డాక్టర్ శ్రీధర్, భీమవరం మనిషి, ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు. ఇంకొకరు రాజేశం గారు, సిరిసిల్ల నుంచి పాతికేళ్ల కిందట వచ్చి ఇప్పుడు ఊరి శివార్లలోని జోల్వాలో ఒక మగ్గాల కార్ఖానాలో యంత్రాలు బాగుచేసే మాస్టరుగా ఉన్నారు. మన వాయుసేనకు విమానాలు బయటి దేశాల నుంచి కొనాలా, ఇక్కడ తయారయ్యేదాకా ఆగాలా అని మా ముగ్గురికీ వారాల తరబడి గొడవ నడిచింది. చివరికి డాక్టర్ గారు, "టైపు చేసి వేళ్లు నొప్పులు పుడుతున్నాయండీ, సూరత్ వచ్చేయండి, ఎదురుగా కూర్చుని పోట్లాడుకుందాం" అన్నారు. రెండు రోజులు సెలవు పెట్టి బయల్దేరాను.

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం ఎక్కితే మర్నాడు పొద్దున సూరత్‌లో దిగవచ్చు. త్రీటైర్ ఏసీకి పదిహేను వందల పైచిలుకు అయింది. తిరుగు ప్రయాణానికి మాత్రం ఆదివారం మధ్యాహ్నం విమానం టికెట్ ముందే తీసుకున్నాను. విమానాల కోసం వెళ్లి రైల్లో తిరిగి రావడం బాగుండదనిపించింది. డాక్టర్ గారు స్టేషన్‌కి వచ్చి నేరుగా లోచో బండి దగ్గరికి తీసుకెళ్లారు. శనగపిండిని ఆవిరి మీద మెత్తగా ఉడికించి, పైన నూనె, సేవ్ అనే సన్న కారప్పూస, ఉల్లిపాయలు చల్లి ఇస్తారు. బండాయన గరిటె పట్టుకుని "బటర్ నాఖు?" అని అడిగాడు. వెన్న వేయమంటారా అని అర్థమట. తలూపాను. వేయించుకోవడమే మంచిదైంది.

రాజేశం గారి ఇల్లు పాండేసర పక్కన వడోద్‌లో ఉంది. స్టేషన్ నుంచి ఆటోలో వస్తే రెండు వందల యాభై దాకా అడుగుతారు. కింది గదిలో ఆయన భార్య పద్మ భోజనాల మెస్ నడుపుతుంది. చుట్టుపక్కల మిల్లుల్లో పనిచేసే మన తెలంగాణ వాళ్లంతా అక్కడే తింటారు. డాక్టర్ గారి వెనకే నేను గడప దాటగానే, "రా చెల్లె, రైల్ల నిద్రవట్టిందా? ముందుగాల కాళ్లు కడుక్కో" అంది. అప్పటి నుంచి నాకు ఆమె పద్మక్క.

జొన్నరొట్టె, కోడికూర, పచ్చిపులుసు వడ్డించి ఆమె పక్కన కూర్చునేసరికే మా పంచాయితీ మొదలైంది. రాజేశం గారిది ఇక్కడే తయారు చేసుకోవాలనే పక్షం. "మా సేటు బయటి దేశం మగ్గాలు తెచ్చిండు మేడం. మస్తు నడుస్తయ్. కానీ లోపట ఒక్క ఎలక్ట్రానిక్ కార్డు కాలిపోతే వాళ్లు పంపేదాంక మగ్గం మీద దుమ్ము పడుడే. యుద్ధంల గిట్ల అయితే ఏం జేస్తవ్?" అన్నారు. డాక్టర్ గారు ఒప్పుకోలేదు. "పేషెంటు టేబుల్ మీద ఉన్నప్పుడు మనూరి కత్తెర తయారయ్యేదాకా ఆగుతామా అండీ? పాత విమానాలు రిటైరవుతున్నాయి. ఆ ఖాళీలో ఎగరాల్సిన కుర్రాడి సంగతేంటి?" అన్నారు. కొన్ని కొని, ఆ కొనే ఒప్పందంలోనే విడిభాగాలు, మరమ్మతులు ఇక్కడే జరిగేలా రాయించుకోవాలని నేనన్నాను. ఇంజిన్ తయారీ చేతికి రాకపోతే మిగతాదంతా మనదైనా ఇంకొకరి దయ మీద ఉన్నట్టేనని కూడా అన్నాను. ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. చాలా కాలానికి అంత హాయిగా వాదించాను.

అప్పుడే పద్మక్క ఫోన్ మోగింది. హైదరాబాద్‌లో ఉన్న కూతురు సుమలత. ఆమెకు నెలలు నిండుతున్నాయి. వచ్చే వారం వెళ్లడానికి వీళ్లిద్దరికీ రైలు టికెట్లు ఉన్నాయి. కానీ ఆ రోజు పరీక్షలో ఉమ్మనీరు తగ్గిందని తేలిందట. సోమవారం పొద్దున్నే ఆపరేషన్ చేస్తామన్నారట. అల్లుడు ఓడ మీద ఉద్యోగంలో ఉన్నాడు, ఇప్పట్లో రాలేడు. పద్మక్క ఫోన్ పెట్టేసి చేతిలోని రొట్టె పళ్లెంలో పెట్టేసింది.

సాయంత్రం రైలుకు అంతా వెయిటింగ్ లిస్టే. నేను ఎక్కబోయే విమానంలో సీట్లున్నాయి. ఆ మాట చెప్పగానే రాజేశం గారు, "ఈమె ఎక్కది మేడం. టీవీల ఒక విమానం కూలింది చూసిన కాడి నుంచి ఆ పేరే ఎత్తనియ్యది" అన్నారు. పద్మక్క కూడా, "జనరల్ డబ్బల నిలవడి అన్న పోత" అంది. ఆమె మోకాళ్లు రెండూ వాచి ఉన్నాయి. డాక్టర్ గారు గడియారం చూసుకుని, "రైలుకు ఇంకా టైముంది. ఎక్కడం సంగతి తర్వాత. ఒకసారి దగ్గర్నుంచి చూడండి, ఆపైన మీ ఇష్టం" అన్నారు. ఆయన కారులో నలుగురం సముద్రపు ఒడ్డునున్న డుమాస్ వైపు బయల్దేరాం.

విమానాశ్రయం దాటి సముద్రం వైపు వెళ్తుంటే దిగే విమానాలు తల మీదుగా వస్తున్నట్టే ఉంటుంది. రోడ్డు పక్కన కారు ఆపి, పొట్లంలో టమాట భజియాలు తెచ్చుకున్నాం. టమాట చక్రాల మీద పచ్చి మసాలా పూసి, పిండిలో ముంచి వేయిస్తారు. రాజేశం గారు ఆదివారాలు విమానాలు చూడటానికి ఇక్కడికి ఒక్కరే వస్తారట. పద్మక్క రావడం అదే మొదటిసారి. కాసేపటికి ఒక విమానం చక్రాలు దించుకుని మా మీదుగా వెళ్లింది. ఆమె కొంగు నెత్తిన అదిమిపట్టుకుని అది కనుమరుగయ్యేదాకా చూసింది. ఆ తర్వాత నా వైపు తిరిగి అడగడం మొదలుపెట్టింది.

"ఒక ఇంజిన్ ఆగిపోతే?"

"రెండోదాంతో ఎగురుతుంది అక్కా. నేల వదిలే సమయంలో ఆగినా పైకి లేవగలిగేట్టే తయారు చేస్తారు. పైలెట్లతో అది పదే పదే సాధన చేయిస్తారు."

"రెండూ ఆగితే?"

"చాలా చాలా అరుదు. ఆగినా ఎత్తులో ఉంటే రాయిలా పడిపోదు. గాల్లో జారుకుంటూ కొంత దూరం వెళ్తుంది, దించడానికి చోటు వెతుక్కుంటారు. కిందనే ఉంటే మాత్రం కష్టం."

డాక్టర్ గారు అందుకున్నారు. "ఏమీ కాదని మాటివ్వలేనమ్మా. మత్తు ఇచ్చే ముందు పేషెంట్లకూ అలా మాటివ్వను. ప్రమాదం జరిగితే మాత్రం దాన్ని వదిలేయరు. ఎందుకు జరిగిందో విప్పి చూసి, అలాంటి విమానాలన్నిట్లో ఆ లోపం సరిచేస్తారు."

"సచ్చినోళ్లకు ఏం ఫాయిదా?" అంది పద్మక్క.

డాక్టర్ గారు ఔనన్నట్టు తలూపారు. ఆమె, "ఏం గాదని అబద్ధం చెప్పలే, మంచిగైంది" అని భర్త వైపు తిరిగింది. "ఇన్ని తెలిసినోనివి, నువ్వెందుకు ఎక్కలే ఇన్నేండ్లు?"

"నువ్వు భయపడుతవని" అన్నారు రాజేశం గారు.

"మొన్న నీ చెల్లె కొడుకు పెండ్లికి ఒక్కనివే పోయినవ్ గద. అప్పుడు నేను లేనాయె. మరి రైల్లెందుకు పోయినవ్?"

ఆయన ఖాళీ భజియా పొట్లాన్ని మడతపెట్టారు. ఆమె ముఖం చూడకుండానే చెప్పారు. "నాకు గూడ భయమే పద్మ. చూస్తే ముద్దొస్తది. ఎక్కాలంటే పాణం ఒప్పది. కార్ఖానల అందరికి నీ పేరు చెప్పి తప్పించుకున్న."

నేను, డాక్టర్ గారు ఏం చేయాలో తెలియక సముద్రం వైపు చూశాం. పద్మక్కకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె భర్తను ఎగాదిగా చూసి, మెల్లగా నవ్వింది. "ఇన్నొద్దులు నేనొక్కదాన్నే పిరికిదాన్ననుకున్న. సరే, ఇద్దరం భయపడుకుంటనే పోదాం. బిడ్డ ఒక్కతే ఉన్నదాడ." ఆ రోడ్డు పక్కనే నిలబడి రెండు టికెట్లు తీసుకున్నాం. చివరి నిమిషం కాబట్టి ఒక్కొక్కటి ఆరు వేలు దాటింది.

ఆదివారం పొద్దున్నే మెస్ తాళాలు పక్కింటామెకు అప్పగించి, బాలింత కోసమని కారంపొడి, నువ్వులుండలు సర్దుకుంది పద్మక్క. వడోద్ నుంచి విమానాశ్రయానికి ఆదివారం ట్రాఫిక్‌లో అరగంట పైనే పట్టింది. తనిఖీ దగ్గర రాజేశం గారు ఎంత పాలిపోయారంటే అక్కడి జవాను "తబియత్ ఠీక్ హై, చాచా?" అని, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు. లోపల పద్మక్క కిటికీ పక్కన, ఆయన మధ్యలో, నేను చివర కూర్చున్నాం.

రన్‌వే మీద వేగం అందుకోగానే రాజేశం గారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. కానీ నోరు మాత్రం ఆగలేదు. కింద ధన్ మని చప్పుడైతే, "చక్రాలు లోపటికి పోయినయ్, భయం లేదు" అన్నారు. కాసేపటికి ఇంజిన్ల మోత తగ్గింది. పద్మక్క ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆగలే, ఆగలే. ఎక్కేటప్పుడు ఎంత జోరు కావాల్నో ఇప్పుడంత అక్కరలేదు, గందుకే తగ్గించిన్రు" అన్నారు, కళ్లు మూసుకునే. రెక్క వంగినప్పుడు వెనకాలున్న నలుగురైదుగురు కూడా ఆయన ఏం చెబుతారా అని వింటున్నారు. కిటికీలోంచి తాపీ నది సముద్రంలో కలిసే చోటు, అక్కడ ఆగి ఉన్న ఓడలు కనిపించాయి. పద్మక్క వాటిని చూసి భర్తను మోచేత్తో పొడిచింది.

"కండ్లు తెరువయ్యా. ఇన్నేండ్లు కింద నిలవడి చూసినవ్. పైకెళ్లి ఎట్లుంటదో చూడు."

ఆయన ఒక కన్ను తెరిచారు. తర్వాత రెండోది. ఆ తర్వాత హైదరాబాద్ వచ్చేదాకా ఆమె మీదుగా కిటికీ వైపు వంగే ఉన్నారు. సోమవారం పొద్దున నేను క్లాసులో ఉండగా పద్మక్క నుంచి ఫొటో వచ్చింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం.

యుద్ధ విమానాల పంచాయితీ ఇంకా తేలలేదు. ముగ్గురం ఎవరి పక్షాన వాళ్లమే ఉన్నాం. తేలాలన్న తొందర కూడా నాకు పోయింది. ఎన్నో ఏళ్లుగా విమానాల భద్రత గురించి చదువుతూ, నాకు తెలిసినదాంతో ఎవరి భయమైనా పోగొట్టగలననుకునేదాన్ని. ఆ సాయంత్రం పద్మక్క భయం పోలేదు. ఆమెకు తోడు దొరికింది, వెళ్లాల్సిన చోటు ఉంది. ఆ రెండూ ఉంటే భయంతోనే మెట్లెక్కవచ్చని ఆమె పక్కన కూర్చుని చూశాను. అందుకని నా సలహా ఒక్కటే. మొదటిసారి ఎక్కేవాళ్లను వెంట తీసుకెళ్తుంటే, చక్రాలు లోపలికి వెళ్లే చప్పుడు, పైకి లేచాక ఇంజిన్ల మోత తగ్గడం, దిగే ముందు రెక్కల దగ్గర వచ్చే గరగర, ఇవన్నీ మామూలేనని విమానం కదలకముందే చెప్పి ఉంచండి. వాళ్లకు కిటికీ సీటు ఇచ్చి, మీరు పక్కన కూర్చోండి.