నాగవేణికి రానిది తెలుగు కాదు

రిటైరయ్యే ముందు మూడేళ్లు నేను ఆదోని, కౌతాళం మండలాల బడుల్లో ప్రత్యేక విద్యా ఉపాధ్యాయురాలిగా పనిచేశాను. చదువులో వెనకబడిన పిల్లలను పరీక్షించి, కారణం రాసి, ఏం చేయాలో టీచర్లకు చెప్పడం మా పని. మొదటి ఏడాది జూలైలో, కౌతాళం దగ్గరి ఒక బడి రిజిస్టరులో ఒకటో తరగతి నాగవేణి పేరుకెదురుగా 'ఇంట్లో కన్నడం, తెలుగు రాదు' అని ఉంటే, పిల్లను చూడకుండానే సంతకం పెట్టాను. సరిహద్దు ఊళ్లలో అది మామూలు మాట.

నాగవేణి రెండో తరగతిలో ఉండగా, మిరపకోతల కాలంలో హెడ్మాస్టరు ఫోన్ చేశారు. కోత కూలికి పోతున్న వాళ్లమ్మ ఈరమ్మ పిల్లను బడి మాన్పించి తనతో గుంటూరు తీసుకుపోతానంటోందట. నేను వెళ్లి అడిగితే, "రెండేండ్లాయ, ఒక్క అచ్చరం నిలబడల్యా. ఈడ కూసోని ఏం జేస్తాది మేడం?" అంది.

రెండు రోజులు గడువు అడిగాను. ఆటల్లో ఆ పిల్ల తెలుగు గలగలా మాట్లాడుతోంది. నేను కన్నడంలో చెప్పిన కథను ఒక్క సంగతీ వదలకుండా తిరిగి చెప్పింది. కానీ 'మనె, మర, కాలు' అనే కన్నడ మాటల్లో వేరే శబ్దంతో మొదలయ్యేది ఏదంటే పోల్చుకోలేకపోయింది. తెలుగు మాటలతోనూ అంతే. నిన్న నేర్చిన అక్షరం ఇవాళ లేదు. ఆదోని ఆసుపత్రిలో చెవులూ కళ్లూ చూపించాం. బాగున్నాయి.

ఇలాంటి ఇబ్బంది తరచు కుటుంబాల్లో వస్తుంటుంది కనుక, ఇంట్లో ఇంకెవరికైనా చదువు ఇట్లే కష్టమైందా అని ఈరమ్మను అడిగాను.

"మా తమ్ముడు హనుమంతు ఇంతే. దెబ్బలకు బయపడి బడి ఇడ్సిపెట్టినాడు. మొద్దోడనుకుంటిమి."

అక్షరానికీ శబ్దానికీ ముడి పడడం ఈ పిల్లకు ఆలస్యమవుతుందనీ, తెలివికి లోటు లేదనీ చెప్పాను. ఈరమ్మ అదే మాట రెండుసార్లు చెప్పించుకుంది. పిల్లను అవ్వ దగ్గర వదిలి గుంటూరు పోయింది.

నేను చూపిన పద్ధతిలో వాళ్ల క్లాసు టీచరు రోజూ ఇరవై నిమిషాలు ఒక్కో శబ్దాన్ని పలికిస్తూ, ఇసుకలో రాయిస్తూ నేర్పింది. ఈరమ్మ తిరిగొచ్చేసరికి నాగవేణి రెండక్షరాల మాటలు, నెమ్మదిగానే అయినా, తప్పు లేకుండా చదువుతోంది. నా నిర్లక్ష్యం వల్ల పోయింది ఏడాదిన్నరే కదా అని ఊపిరి పీల్చుకున్నాను.

ఒకరోజు హనుమంతు బడికి వచ్చాడు. ఊళ్లో మోటార్లు బాగుచేసేది అతనే. "నాదీ అదేనా మేడం?" అని అడిగాడు. పరీక్షించకుండా చెప్పలేననీ, అయ్యుండవచ్చనీ అన్నాను. "అట్లయితే నేను మొద్దోన్ని కాదు" అని వెళ్లిపోయాడు.

మా పరీక్ష ఫారంలో బంధువుల చదువు గురించి గడి లేదు. ఆ తర్వాత ప్రతి ఫారం వెనకవైపున ఆ ప్రశ్నను చేత్తో రాసుకుని అడిగేదాన్ని.