తాళం లేకుండా తెరుచుకున్న శుభలేఖ

ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. నాలుగు మాటలు కలిపి రాయడం ఇదే మొదటిసారి. వాక్యాలు అటూ ఇటూ అవుతాయి, గుణింతాలు తప్పుతాయి. ముందే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి.

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇప్పుడూ లేదనే అంటాను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తాను.

మచిలీపట్నంలో ఒక ప్రెస్సులో పద్దెనిమిదేళ్లుగా శుభలేఖలు మడతపెడుతున్నాను. అక్కడ కంప్యూటర్ మీద కార్డులు టైపు చేసేది మస్తాన్ గారు. పెళ్లి ఏ మతం వాళ్లదైనా కార్డు ఆయన చేతి మీదుగానే వెళ్లేది. నేను కూడబలుక్కుని చదవడం చూసి, ప్రూఫు కాగితాలు నా చేతికిచ్చి పైకి చదవమనేవారు. తప్పు పట్టుకుంటే టీ ఇప్పించేవారు. అలా ఆయన కార్డుల్లోని గుండ్రటి అక్షరాలు నాకు అలవాటైపోయాయి. పేపరు చదవాలంటే ఇప్పటికీ తడుముకుంటాను. ఆయన కార్డైతే గడగడా చదివేస్తాను.

తప్పులన్నీ దిద్దాక ఆఖరి ప్రూఫుకి కింద కుడిమూల చిన్న మల్లెమొగ్గ బొమ్మ పెట్టేవారు. అది ఉందంటే ఇక అచ్చుకి వెళ్లొచ్చని మా ఇద్దరికీ, ఓనరు గారికీ గుర్తు. అచ్చు వేసే ముందు తీసేసేవారు.

"మీ అమ్మాయి కార్డు నేనే చేస్తా చెల్లెమ్మా. పదిమందిలో నువ్వే చదవాలి," అనేవారు. పోయినేడు ఆయన చనిపోయారు.

ఈ ఏడు మా అమ్మాయికి అవనిగడ్డ సంబంధం కుదిరింది. మొదటి కార్డుకి పసుపు రాసి, పెళ్లికూతురి తల్లి అందరి ముందూ పైకి చదవడం మా ఇళ్లలో ఆనవాయితీ. సరిగ్గా అప్పుడే పాత కంప్యూటర్ ఆగిపోయింది. ఓనరు గారు కొత్తది కొన్నారు. అన్నీ ఎక్కాయి గానీ మస్తాన్ గారు తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్ మాత్రం తెరుచుకోలేదు. దానికి బొటనవేలంత తాళం ముక్క ఒకటి పాత కంప్యూటర్ వెనక బిగించి ఉండేది. అది లేకపోతే పనిచేయదు. కొత్తదానికి ఆ ముక్క దూరే చోటే లేదు. పాత కార్డులు వేరే దాంట్లో తెరిస్తే తెలుగంతా ఇంగ్లీషు ముక్కలూ చుక్కలూ అయిపోయింది. గుడివాడ నుంచి వచ్చిన మెకానిక్ రెండు గంటలు చూసి, "దీని పనైపోయిందండీ," అన్నాడు.

ఓనరు గారి అమ్మాయి హాసిని గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదువుతోంది. ఆదివారం పొద్దున పదకొండింటికి కొత్త అక్షరాలతో నా కార్డు ప్రూఫు తీసిచ్చింది. చదువుతూ పెళ్లికొడుకు పేరు దగ్గర ఆగిపోయాను.

"ఏంటత్తా, అల్లుడి దగ్గరే ఆగావు? సంబంధం నచ్చలేదా?"

నవ్వి, ఆ పేరే మళ్లీ మొదటి నుంచి కూడబలుక్కున్నాను. ఆ పిల్ల చూసింది. ఇంకొక్కసారి చూద్దామని పాత సాఫ్ట్‌వేర్ నొక్కింది. అప్పుడు ఆ తాళం ముక్క నా చేతిలో ఉంది, సొరుగులోంచి తీసి కొంగుతో దుమ్ము తుడుస్తున్నాను.

తెరుచుకుంది.

"అత్తా, నువ్వేం ముట్టుకున్నావు?"

"ఏం ముట్టుకోలేదమ్మా. తాళం ఇదిగో, నా దగ్గరే ఉంది."

"అయితే కదలకు. అలాగే నిలబడు."

ఏ అక్షరం ఎక్కడుందో మస్తాన్ గారు రాసి గోడకి అంటించిన కాగితం చూసుకుంటూ టైపు చేసింది. భోజనాల వేళకి ఓనరు గారు వచ్చారు. "ఏంటి, ఫొటో దిగుతున్నట్టు నిలబడ్డావు?" అంటూ తెర వైపు చూసి, కుర్చీలో కూర్చుండిపోయారు.

ప్రూఫు వచ్చింది. తడుముకోకుండా చదివాను. వియ్యంకుడి ఇంటిపేరు తప్పు పడితే చెప్పాను. హాసిని దిద్ది మళ్లీ తీసింది. ఆ రెండో కాగితంలో కింద కుడిమూల మల్లెమొగ్గ ఉంది.

ఓనరు గారు మెల్లిగా అడిగారు. "ఆ బొమ్మ నువ్వు పెట్టావా?"

"ఏ బొమ్మ నాన్నా?"

ఆ పిల్లకి మొగ్గ సంగతి తెలియదు. ఎవరూ చెప్పలేదు. మొదటి కాగితంలో అది లేదు. రెండు కాగితాలూ నా పెట్టెలో ఉన్నాయి.

ఆరోజు మూసిన సాఫ్ట్‌వేర్ మళ్లీ తెరుచుకోలేదు. మెకానిక్ మళ్లీ వస్తే ఓనరు గారు అతని చేతికి కూడా తాళం ఇచ్చి అరగంట నిలబెట్టారు. ఏమీ కాలేదు. ఎలా తెరుచుకుందో అతను చెప్పలేకపోయాడు, నేనూ చెప్పలేను.

ఈసారి మొగ్గ తీయలేదు. కార్డులన్నీ దాంతోనే అచ్చయ్యాయి. పసుపు రాసిన కార్డు అందరి ముందూ ఒక్క చోట కూడా ఆగకుండా చదివాను. మా వియ్యపురాలు నా పక్కకి జరిగి, "ఏం చదువుకున్నారు వదినా?" అని అడిగింది.

"శుభలేఖలు," అన్నాను.

ఇది రాసి రెండుసార్లు చూసుకున్నాను. దిద్ది మొగ్గ పెట్టే మనిషి లేరు కాబట్టి, మిగిలిన తప్పులు మీరే మన్నించాలి.