అమావాస్య నాటి దానం

ఏడు అర్జీలు పెట్టాను. ఆరింటికి రసీదులున్నాయి, జవాబుల్లేవు. ఏడోదానికి రసీదు కూడా లేదు. రెండో అర్జీ నకలు మీద గుమాస్తా టీ గ్లాసు పెట్టాడు. ఆ గుండ్రటి మరక నా దగ్గర భద్రంగా ఉంది. ఆ ఆఫీసు నాకిచ్చిన ముద్రల్లో స్పష్టంగా కనబడేది అదొక్కటే. అది ఏ ఊరి ఆఫీసో రాయను, వాళ్లకు తెలుసు. ఇంతకాలం వాళ్లెవరూ నన్ను పట్టించుకోలేదు కాబట్టి ఇప్పుడు మీకు చెబుతున్నాను.

సంగతి మా మేనత్తది. నరసాపురం దగ్గర పల్లెలో ఆవిడకు ఒక పెంకుటిల్లు, ఇంటి వెనక అరెకరం కొబ్బరితోట ఉన్నాయి. మామయ్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. ఎనభై దాటినా లేసు అల్లుతుంది. చిన్నప్పటినుంచి దారం లాగీ లాగీ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపులో మిషను ఆవిడ వేలిని గుర్తుపట్టదు. "ఇంకోసారి నొక్కండమ్మా" అంటే నొక్కుతుంది. "ఈ వేలు కాదు, ఆ వేలు" అంటే అది నొక్కుతుంది. ఎవరు ఎక్కడ నొక్కమంటే అక్కడ నొక్కడం ఆవిడకు అలా అలవాటైంది.

ఆ అలవాటును కనిపెట్టినవాడు ఆవిడ మరిది కొడుకు. వాడి సంగతి నాకు ముందే తెలుసు. వాడి గృహప్రవేశం భోజనాల్లో నా విస్తరి దాటించి పక్కాయనకు పూతరేకు వేయించాడు. పదకొండేళ్లయింది. "ఇంకా ఆ పూతరేకు గోలేనా?" అంటుంది మా ఆవిడ. అవును, ఇంకా ఆ పూతరేకు గోలే. ఆనాడు విస్తట్లో కనబడిన బుద్ధే తర్వాత దస్తావేజులో కనబడింది.

ఒకరోజు పొద్దున్నే వాడు కారు తీసుకుని అత్తయ్య గుమ్మంలోకి వచ్చాడట.

"దొడ్డమ్మా, పెన్షన్‌కి కొత్తగా వేలిముద్రలు తీసుకుంటున్నారు. ఇవాళ రాకపోతే ఆపేస్తారంట."

"ఇవాళ అమావాస్యరా. నేను గుమ్మం దాటను."

"గవర్నమెంటుకి అమావాస్యేంటి దొడ్డమ్మా? కార్లో ఏసీ ఉంది, రా."

అమావాస్యనాడు మా అత్తయ్య కొత్త దారపు ఉండ విప్పదు. పొరుగింటివాళ్లు చారెడు ఉప్పు అడిగితే రేపు రమ్మంటుంది. అలాంటి మనిషి ఆ రోజు మధ్యాహ్నం, దస్తావేజు ప్రకారం, మరిది కొడుకు మీది ప్రేమాభిమానాలు పొంగిపోయి ఇల్లూ తోటా దానం చేసేసింది.

వాడు ఆ రోజును ఊరికే ఎంచుకోలేదు. మా గోదావరి జిల్లాల్లో అమావాస్యనాడు ఎవరూ రిజిస్ట్రేషన్ పెట్టుకోరు. మంచిరోజున కాలు పెట్టడానికి చోటుండని ఆఫీసులో ఆ రోజు ఫ్యాన్లు తప్ప మరేమీ తిరగవు. "బామ్మగారూ, ఇది దేని కాగితమో తెలుసా?" అని అడిగే పక్క పార్టీవాళ్లు కూడా ఉండరు.

"మరి నిన్నెవరూ ఏమీ అడగలేదా అత్తయ్యా?" అన్నాను.

"అడిగాడ్రా ఒకాయన. 'ఇష్టపూర్వకంగానే కదమ్మా?' అన్నాడు. పెన్షన్ ఎవరైనా కష్టంగా తీసుకుంటారేంట్రా? ఊఁ అన్నాను."

అసలు విషయం కొబ్బరి దింపు రోజున బయటపడింది. దింపువాళ్లు కాయలన్నీ ట్రాక్టరుకెత్తారు. పచ్చడికి రెండు కాయలుంచమంటే, "అయ్యగారు ఒక్కటి కూడా ఉంచొద్దన్నారండి" అన్నారు. ఆవిడ నేరుగా ఆ అయ్యగారింటికి వెళ్లింది.

"అడిగితే నేనివ్వనా దొడ్డమ్మా?" అన్నాడు వాడు.

"నా చెట్టు కాయ నేను అడగడమేంట్రా?"

అప్పుడు తీసి చూపించాడు దస్తావేజు. వారం తిరక్కుండా, ఇంటికి రంగులు వేయిస్తానని చెప్పి ఆవిడను రాజమహేంద్రవరం బస్సెక్కించి నా దగ్గరికి పంపాడు. రంగులు వేయలేదు గానీ తాళం మార్చాడు.

నేను గొడవకు దిగేసరికి ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన, "మీకేంటండీ మధ్యలో? తోట మీద మీకూ కన్నుందా?" అన్నాడు. ఆయన కూర్చుని, నన్ను నిలబెట్టి అడిగాడు. అది కూడా గుర్తుంది. నాకున్న కొబ్బరితోటకు పట్టిన తెల్లదోమతోనే వేగలేక చస్తున్నాను. ఇంకొకరి దోమ నాకెందుకండీ?

పెద్దవాళ్లను మోసం చేసి రాయించుకున్న దానాన్ని రద్దు చేసే అధికారం ఫలానా ఆఫీసరుకు ఉందని లాయరు చెబితే, మొదటి అర్జీ పట్టుకెళ్లాను. ఈవిడ అమావాస్యనాడు ఉప్పు కూడా ఇవ్వదు, ఇల్లెలా ఇస్తుందండీ అని అడిగాను. ఊళ్లో ఎవరిని పిలిచినా ఈ మాటకు సాక్ష్యం చెబుతారన్నాను.

"చట్టంలో అమావాస్య లేదండీ" అని ఆఫీసరు నవ్వారు. ఆయనతో పాటు మరో నలుగురు నవ్వారు. అందులో ఒకతను మా మాట వినను కూడా లేదు, అప్పుడే లోపలికొచ్చాడు.

సరే, చట్టంలో లేదనుకున్నాను. తర్వాతి అర్జీల్లో అమావాస్య తీసేసి వేలిముద్రల గురించి, తాళం గురించి రాశాను. మొన్న ఏడోది పట్టుకెళితే ఆఫీసంతా ఖాళీగా ఉంది. టీ గ్లాసు గుమాస్తా నా కాగితం ముట్టుకోలేదు.

"ఇవాళ అమావాస్య కదండీ. సారు కొత్త ఫైలు తెరవరు. మంచిరోజు చూసుకుని రండి."

ఆ మాటే కాగితం మీద రాసిమ్మన్నాను.

"మీకు వేరే పనుండదాండీ?" అన్నాడు.

"లేదండీ" అన్నాను.

అత్తయ్య మా వరండాలో కూర్చుని గుమ్మానికి లేసు తెర అల్లుతోంది. మా గుమ్మానికి పట్టి చూస్తే వెడల్పు జానెడు తక్కువ. ఆ మాటంటే, "మీ గుమ్మానికి కాదురా" అంది. రోజూ కాఫీ తాగాక సంచి సర్దుకుని, "ఎప్పుడు వెళదాంరా?" అంటుంది. మొదట్లో వచ్చేవారం అనేవాణ్ణి. ఇప్పుడు పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాను. ఆవిడకు మోకాళ్లు సరిగా లేవు, చూపు తగ్గింది, ఆ తెర ఇంకో మూరెడే మిగిలింది.

అందుకని ఆఫీసరుగారూ, ఇది మీకే. మీ ఫైలు తెరవడానికి పనికిరాని రోజు, మా అత్తయ్య ఇల్లు రాసివ్వడానికి ఎలా పనికొచ్చిందండీ? చట్టంలో అమావాస్య లేకపోతే ఆ రోజు నా అర్జీ ఎందుకు తీసుకోలేదు? ఉంటే ఆ దానం ఎలా చెల్లుతుంది? రెండిట్లో ఏదో ఒకటి రాసివ్వండి. నాకు కాదు, ఆవిడ పేరున, ఆవిడ బతికుండగా. వచ్చే సోమవారం మళ్లీ వస్తున్నాను. క్యాలెండరు చూశాను, దశమి. ఇక జవాబు చెప్పండి.