డబుల్ బాబాయి రెండో సర్వరు

మా బాబాయి దృష్టిలో ఏ వస్తువూ ఒక్కటే ఉండకూడదు. జేబులో రెండు కలాలు, ముక్కు మీదో కళ్ళజోడు, సంచిలో ఇంకోటి, మండుటెండలో సైతం రెండు గొడుగులు. పెళ్ళాం మాత్రం ఒక్కర్తే. అదేమిటని ఎవరైనా అడిగితే పిన్ని వంటగదిలోంచే, "ధైర్యం చాలక!" అనేది.

ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగం ఆయనది. అక్కడే నేను రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని. పెద్ద డాక్టరుగారితో సహా అందరూ ఆయన్ని డబుల్ బాబాయి అనేవారు.

అంత ఆసుపత్రిలోనూ ఒంటరిగా ఉన్న యంత్రం ఒకటి ఆయన ప్రాణం తోడేసింది. దాని పేరు డీఎన్ఎస్ సర్వరు.

"మనం కంప్యూటర్లో ఆసుపత్రి పేరు కొడతాం చూడు, ఆ పేరుకి నంబరేమిటో చెప్పేది ఇదే. ఇది మూగబోయిందనుకో, మిగతావన్నీ నిక్షేపంగా ఉన్నా ఎవరికీ దారి తెలీదు. అంబులెన్సులవాళ్ళకీ తెలీదు, బ్రాంచీలకీ తెలీదు" అని నాకు చెప్పాడు. అదే గోడు మేనేజరు దగ్గరా వెళ్ళబోసుకున్నాడు.

"సరే, రెండోది పెట్టండి. పక్కగది ఖాళీయేగా" అన్నాడు మేనేజరు.

"వానలకి కింది అంతస్తులోకి నీళ్ళొస్తే పక్కగదిని వదిలేస్తాయా సార్?"

"పోనీ, మేడ మీద?"

"కరెంటూ నెట్టూ ఒక్కటేగా సార్!"

"మరెక్కడ పెడతారండీ, చంద్రుడి మీదా?"

బాబాయి నిజంగానే కాసేపు ఆలోచించాడు. "అక్కడ మనకి బ్రాంచి లేదు సార్."

చివరికి కొండ మీది మా చిన్న క్లినిక్ పేరు చెప్పాడు. డాక్టరు వారానికోసారి వచ్చే చోటది. తక్కిన రోజులన్నీ ఒక్క నర్సే చూసుకుంటుంది. అక్కడ నెట్ లైనే లేదని మేనేజరు మొత్తుకున్నాడు. "వేయించాలి సార్, బ్యాటరీలు కూడా పెట్టించాలి. సర్వరన్నాక తప్పదు" అన్నాడు బాబాయి. పీడా వదిలిపోతుందని మేనేజరు సంతకం గిలికేశాడు.

లైను పడగానే బాబాయి సర్వరుతో బయల్దేరాడు. తోడుగా నేను.

"నాకా పని రాదుగా బాబాయ్?"

"నేను జారిపడితే కేకలెయ్యడం వచ్చుగా? చాలు, పద."

నర్సు మందుల ఫ్రిజ్ పక్కన చోటు చూపించింది. బాబాయి వైర్లు కలిపాడు. ఇక ఆసుపత్రిలో ఉన్న పెద్ద సర్వరు నుంచి పేర్లూ నంబర్లూ దీన్లోకి రావాలి. ఎంతకీ రావు. ఆఫీసులో గుమాస్తాకి ఫోన్ చేశాడు.

"మన కొత్త సర్వరుకి తలుపు తీసినట్టు లేదు. కాస్త తియ్యవయ్యా."

"తీశానండి."

ఏమీ రాలేదు. "సరిగ్గా తీశావా?"

"బార్లా తీశానండీ. గదిలో ఏసీ గాలంతా వరండాలోకి పోతోంది!"

బాబాయి నెత్తి పట్టుకున్నాడు. ఏ మీట నొక్కాలో, ఏ గడిలో ఏం కొట్టాలో అరిచి అరిచి చెప్పాక తెర మీద పేర్లు బిలబిలా దిగాయి. ఆయన మొహం చేటంత అయింది.

ఆ వానాకాలంలోనే ఆసుపత్రి కింది అంతస్తులోకి నీళ్ళొచ్చాయి. పెద్ద సర్వరు మునిగింది. మేనేజరు ప్యాంటు మడుచుకుని పరుగెత్తుకొచ్చేసరికి, మేడ మీది మిగతా కంప్యూటర్లు నడుస్తున్నాయి, అంబులెన్సులకు కబుర్లు వెళ్తున్నాయి. కొండ మీది సర్వరు అడిగినవాళ్ళందరికీ ఓపిగ్గా దారి చెబుతోంది. మేనేజరు బాబాయికి దణ్ణం పెట్టినంత పని చేశాడు.

నీళ్ళు తీశాక మళ్ళీ కొండెక్కాం. క్లినిక్ నిండా జనం. ఓ ముసలావిడ కంప్యూటరుకు పాదం చూపిస్తోంది. తెరలోంచి చర్మం డాక్టరు, "ఇంకాస్త ఎత్తమ్మా" అంటున్నాడు.

నాకు అనుమానమొచ్చింది. "బాబాయ్, పక్క ఊళ్ళో మన బ్రాంచికి లైనుంది, జనరేటరుంది. సర్వరు అక్కడే పెట్టచ్చుగా?"

"దూరం చాలదు తల్లీ" అంటూ ఆయన ఎక్కడో చూశాడు.

నర్సు పకపకా నవ్వింది. "దూరమూ లేదు, పాడూ లేదమ్మా! రోగుల కోసం లైను వేయించమని ఏళ్ళ తరబడి అడిగాను. వినేవాళ్ళేరీ? అన్నయ్యతో చెప్పుకుంటే, మనుషులడిగితే ఇవ్వరమ్మా, మిషన్‌తో అడిగిద్దాం అన్నాడు."

బాబాయి వైర్లు సర్దుతున్నట్టు వంగాడు. అంతలో ఆయన ఫోన్ మోగింది. అవతలి కొండ మీది క్లినిక్ నర్సట. వాళ్ళకీ లైను లేదట.

ఆయన అంతా విని, గొంతు సవరించుకుని ఫోన్‌లోనే అన్నాడు.

"మూడో సర్వరు కూడా ఉండాలంటున్నారమ్మా ఈమధ్య."