లోపలి గడియ

ఈ ఉదయం పటమటలోని మా ఇంట్లో కాఫీ కలుపుకుంటూ ఉండగా స్నానాలగది లోపలి గడియ పడిన చప్పుడు వినిపించింది. మీ ఇళ్లల్లో రోజూ వినిపించే చప్పుడే గనక మీకు నవ్వు రావచ్చు. నాకు మాత్రం చేతిలో చెంచా ఆగిపోయింది. లోపలికి వెళ్లింది మా చెల్లెలు. యాభై ఎనిమిదేళ్ల ఆ మనిషి ఊహ తెలిశాక గడియ పెట్టుకుని స్నానం చేయడం ఇదే మొదలు.

దానికి ఆరో ఏట మూర్ఛ పట్టుకుంది. అప్పట్లో మేము అవనిగడ్డ వైపు కాలువ గట్టు మీది ఊళ్లో ఉండేవాళ్లం. మూర్ఛ వస్తే చేతిలో ఇనుము పెట్టాలన్నది మావాళ్ల నమ్మకం కాబట్టి, అమ్మ ఇంటి తాళాల గుత్తి నా లంగా బొందుకు కట్టి, చెల్లెల్ని విడిచి కదలొద్దంది. పద్నాలుగేళ్లకే నాకు కాపలా ఉద్యోగం వచ్చింది. దాన్ని కాలువ రేవుకు పంపేవాళ్లం కాదు, పొయ్యి దగ్గరికి రానిచ్చేవాళ్లం కాదు. స్నానానికి వెళితే తలుపు ఓరగా ఉంచి నేను బయట పీట వేసుకునేదాన్ని. పాపం, అది లోపల్నుంచి నాకు వినపడేలా ఎక్కాలు అప్పజెబుతూనే ఉండాలి, ఆగిందంటే నేను లోపలికి దూకడమే. లెక్కల్లో అది నన్ను మించిపోయిందంటే ఆ స్నానాల చలవే!

నా పెళ్లయ్యాక అది నాతోనే వచ్చేసింది. మావారు ఎంత మంచి మనిషో, దాని గురించి ఏనాడూ ఒక్క మాట అనలేదు. మందుల మీద మందులు మార్చారు, కొత్తవి కలిపారు, జబ్బు మాత్రం లొంగలేదు. తొమ్మిదేళ్ల కిందట బెంజ్ సర్కిల్ దగ్గర ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మగారు, చర్మం కింద ఛాతీలో బిస్కెట్టంత మిషన్ పెట్టి, అక్కణ్నుంచి మెడలోని నరానికి తీగ కలుపుతామని, అది కొన్ని నిమిషాలకోసారి ఆ నరాన్ని తట్టి లేపుతుందని చెప్పారు. పూర్తిగా నయమవుతుందని ఆవిడ ఆశ పెట్టలేదు. మందులు మానకూడదు, ఫలితం తెలియడానికి నెలలు, ఏళ్లు కూడా పట్టవచ్చు అన్నారు. మెడ కోస్తారంటే నేను వద్దంటే వద్దన్నాను గానీ, మా చెల్లెలు మాత్రం రవికకు కుట్టుకూలి మాట్లాడుకున్నంత తేలిగ్గా ఒప్పుకుంది.

మిషన్‌తో పాటు ఒక అయస్కాంతం ఇచ్చారు. ఫిట్స్ రాబోతున్నట్టు అనిపించగానే దాన్ని ఛాతీ మీదుగా ఒకసారి అటు నుంచి ఇటు తిప్పితే చాలు, మిషన్ వెంటనే నరాన్ని తట్టి ఆపడానికి చూస్తుందట. ఇంటికొచ్చిన నెల్లోనే ఫిట్స్ వచ్చాయి. నేనేం చేశానో తెలుసా? అయస్కాంతాన్ని దాని గుప్పిట్లో పెట్టి, వేళ్లు మూసి గట్టిగా పట్టుకు కూర్చున్నాను! తేరుకున్నాక అది గుప్పిట విప్పి చూసుకుని, "అక్కా, ఇది తాళంచెవి కాదే తల్లీ" అని నవ్వింది. నేను నవ్వలేక ఏడ్చాను.

మొదటి ఏడాది పెద్ద తేడా ఏమీ లేదు. రెండో ఏడాది, వారానికోసారి వచ్చేవి నెలకోసారికి తగ్గాయి. ఆ తర్వాత, ఫిట్స్ వచ్చిన రోజుకు క్యాలెండర్లో మేం చుట్టే సున్నాలే తగ్గిపోయాయి. మిషన్ పని చేసే అర నిమిషం దాని గొంతు బొంగురుపోతుంది. మా వరండాలో లెక్కల ట్యూషన్‌కొచ్చే పిల్లలకు అదీ అలవాటే, టీచరుగారు ఆగితే వాళ్లూ పెన్సిళ్లు చెక్కుకుంటూ ఆగుతారు. దాని ఓపికకు నేను చేతులెత్తి దండం పెడతాను.

ఫిట్స్ రాక ఏడాదిన్నర దాటింది. స్టూలు మీద కూర్చునే నీళ్లు పోసుకోవాలన్న షరతు మీద డాక్టరమ్మగారిని మొన్న నా ఎదుటే తనే ఒప్పించుకుని, ఇవాళేనని నాతో మాటమాత్రమైనా అనకుండా గడియ వేసుకుంది.

తలుపు దగ్గరికి వెళ్లి చెవి పెట్టాను. ఎక్కాలు లేవు. నీళ్ల చప్పుడు, మధ్యమధ్య ఏమీ లేని నిశ్శబ్దం. ఇన్నేళ్లూ ఆ నిశ్శబ్దమంటేనే కదా నాకు ప్రాణభయం! చెల్లెల్ని కంటికి రెప్పలా కాచానని గొప్పగా అనుకునేదాన్ని. యాభై ఏళ్లకు పైగా దానికి తనదంటూ ఒక్క పావుగంట లేకుండా చేశానని ఇవాళే తోచింది. అలవాటుగా పీట మీద కూర్చోబోయినదాన్ని, పీట తీసి గోడకు చేరేసి, కాఫీ పట్టుకుని వరండాలోకి నడిచాను. చెవి మాత్రం ఇంకా ఆ తలుపు దగ్గరే ఉందనుకోండి.