అవ్వ పక్కన మూడు దినాలు

మనవరాలికి రెండు నెలలుగా ముట్టు రాలేదని నిన్న నా బిడ్డ ఫోన్ చేసింది. డాక్టరమ్మ నవ్వి, కొత్తగా పెద్దమనిషైన పిల్లలకు మొదటి ఏడాది, రెండేళ్లు ఇట్లాగే వెనకా ముందూ అవుతుందని చెప్పి పంపిందట. అంతే, అయిపోయింది. ఆ ఒక్క మాట చెప్పే మనిషి లేక మేమెంత పరేషాన్ పడ్డామో తలుచుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది.

నేను లక్సెట్టిపేట బడిలో ఏడో తరగతి చదువుతున్న రోజులవి. పెద్దమనిషినై రెండు నెలలు తిరిగినా మళ్లీ జాడ లేదు. బాపు తల్లి, మా బాపమ్మ, అమావాస్య నుంచి అమావాస్యకు ఇంటి ఆడవాళ్లందరి లెక్కా నోటి మీదే పెట్టుకునేది. ఆమెకు తెలిస్తే పిల్లకేదో గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తుంది, బడి మాన్పిస్తుంది, ఆపైన సంబంధాలు వెతుకుతుంది. మేనత్త కూతురికి అంతా అదే వరుసలో జరిగింది. తాయెత్తు సంగతి సరేగానీ, బడి పోతుందంటే నాకు ఏడుపొచ్చేది.

అవ్వ, అంటే మా అమ్మ, ఒక ఉపాయం చేసింది. తాను బయట చేరిన రోజే నన్నూ పిలిచి, వెనక కొట్టంలో తన పక్కనే గోనెసంచి పరిచింది. మూడు దినాలు బడి పోతే పోయింది, మొత్తానికి పోలేదు కదా. మేమేదీ తాకకూడదు గనుక పొయ్యి, పిండి, నీళ్లు అన్నీ బాపమ్మ మీద పడేవి. తల్లీబిడ్డలు ఒక్కసారే చేరి తన నడుం విరగ్గొడుతున్నారని సణుగుతూ, దూరం నుంచే జొన్నరొట్టె పడేసేది. అవ్వ తినేది, పడుకునేది, మిట్టమధ్యాహ్నం గురక పెట్టేది. పగటిపూట అవ్వ నిద్రపోవడం అంతకుముందు నేనెన్నడూ చూడలేదు.

మూడోసారి కూర్చున్నప్పుడు నాకు భయమేసింది. నీదంటే నిజం, నాది అబద్ధం, పాపం తగలదా అని అడిగాను. అవ్వ నా వైపు ఒత్తిగిలి గొంతు తగ్గించింది.

"నాకు నిలిచిపోయి ఏడాదాయె బిడ్డా. మీ బాపమ్మకు చెప్పలే. గీ మూడు దినాలు గూడ లేకుంటె నేనెప్పుడు నడుం వాల్చాలె?"

ఆ పై నెల నాకు దానంతటదే వచ్చింది, బడి దక్కింది. మరుసటేడు బాపమ్మ పోయింది. లెక్క అడిగేవాళ్లు లేరు గనుక అవ్వకిక హాయే అనుకున్నాను, తెలివితక్కువదాన్ని. పొయ్యి చూసుకునే ఇంకో మనిషి కూడా లేకుండా పోయింది కదా. అవ్వ మళ్లీ కొట్టంలో పడుకోలేదు. ఇప్పుడు నాకు నెలకు ముప్పై దినాలూ తీరికే; అందులో మూడు ఆమెకిద్దామంటే ఆమె లేదు.